తాటి దుంగ వంతెన

మా డాబా మీద నిలబడితే మెయిన్ రోడ్డు కనపడుతుంది. దాని మీద వచ్చే బస్సు కనపడుతుంది. కళ్లద్దాలు పెట్టుకుంటే మా అమ్మ దాని బోర్డు కూడా చదవగలదు. ఆ బస్సును అందుకోవడం మాత్రం ఆమె వల్ల కావడం లేదు.

మేముండేది కాకినాడ శివార్లో. ఇంద్రపాలెం వంతెన దాటాక చేలు మెరక చేసి వేసిన లేఅవుట్లలో ఒకటి మాది. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం మొదలై, పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. ఆ రోజు అమ్మ ఎంత సంబరపడిందో నాకు బాగా గుర్తు. ఆధార్ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి పర్సులో దాచుకుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు మారితే రామచంద్రపురంలో మా పిన్నిని చూసి రావచ్చు, నా సెలవు కోసం ఎదురు చూడక్కర్లేదు. రెండుసార్లు అలా వెళ్లి వచ్చింది. మూడోసారి చీర కట్టుకుని తయారై కూడా గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"బస్సులో ఎంతసేపైనా కూర్చుంటానే. అక్కడిదాకా నడవడమే నా వల్ల కావట్లేదు" అంది.

ఆ సాయంత్రం ఫోన్ పట్టుకుని దూరం కొలిచాను. మా వీధి చివర నుంచి మెయిన్ రోడ్డు మీద బస్సు ఆగే చోటుకు నేరుగా గీత గీస్తే 260 మీటర్లు. నడవాల్సిన దారి 1,300 మీటర్లు. ముందు వెనక్కి వెళ్లి మా లేఅవుట్ ఆర్చి దాటాలి. తరవాత పుంత రోడ్డు పట్టుకుని, పాత ఊరు చుట్టి, అప్పుడు మెయిన్ రోడ్డు ఎక్కాలి. మోకాళ్ల నొప్పి ఉన్న అరవై ఎనిమిదేళ్ల మనిషికి అది ఇరవై ఐదు నిమిషాల నడక. మన తీరప్రాంతపు ఉక్కపోతలో ఆ ఇరవై ఐదు నిమిషాలకు జాకెట్టు తడిసి ముద్దవుతుంది.

మధ్యలో అడ్డున్నది కొండ కాదు, నది కాదు, రైలు పట్టాలు కాదు. పదడుగుల వెడల్పున్న ఒక పంట బోదె, అంటే చేలకు నీళ్లు పారించే చిన్న కాలువ.

బోదె ఇవతల మా నలభై అడుగుల సిమెంటు రోడ్డు ఆగిపోతుంది. అవతల పక్క లేఅవుట్‌వాళ్ల నలభై అడుగుల రోడ్డు, సరిగ్గా దానికి ఎదురుగా వచ్చి ఆగిపోతుంది. ఆ రోడ్డు అటు తిరిగితే నేరుగా మెయిన్ రోడ్డులోకి వెళుతుంది. రెండు రోడ్ల చివర్లూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. ఎనిమిదేళ్లుగా ఇంతే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ పదడుగుల గురించే. మన ఊళ్లకు రైలు కావాలి, కరెంటు బస్సులు కావాలి, ఫ్లైఓవర్లు కావాలి అని మనం అడుగుతూ వచ్చాం. అడగాలి కూడా. కానీ డెల్టాలో పెరుగుతున్న ఈ శివార్లలో ఇంటి గుమ్మానికీ బస్సు మెట్టుకూ మధ్య ఉన్న దారిని ముందు కలపకపోతే, ఎంత పెద్ద ప్రాజెక్టు వచ్చినా అది మా అమ్మలాంటి వాళ్లకు డాబా మీద నుంచి చూసేదిగానే మిగిలిపోతుంది.

ఇక్కడ లేఅవుట్ ఎలా పుడుతుందో దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఒక రైతు మూడెకరాలు, పక్క రైతు రెండెకరాలు కలిపి బేరం కుదురుతుంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక టిప్పర్లు దిగుతాయి. గ్రావెల్ తోలి చేనును మూడు నాలుగడుగులు మెరక చేస్తారు. సరిహద్దు రాళ్లు పాతుతారు, రోడ్లు వేస్తారు, మొక్కలు నాటుతారు, ఆర్చి కడతారు. ఆర్చి ఉన్న వైపు ఒక్కటే బయటి ప్రపంచం. మిగతా మూడు వైపులా గోడో బోదో ఉంటుంది. అవతల ఉన్నది వేరేవాళ్ల చేను కాబట్టి అటువైపు దారి గురించి ఎవరూ ఆలోచించరు. నాలుగైదేళ్లకు ఆ చేనూ లేఅవుట్ అవుతుంది. దానికీ ఒక ఆర్చి, దానికీ మూడు వైపులా గోడ. అలా పది లేఅవుట్లు పక్కపక్కనే లేస్తాయి గానీ ఒకదాన్నుంచి ఇంకొకదానికి మనిషి నడిచి వెళ్లే సందు కూడా ఉండదు. స్థలం కొనేటప్పుడు మేమూ అడగలేదు. వాస్తు చూశాం, లింకు డాక్యుమెంట్లు చూశాం, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయో తియ్యగా ఉన్నాయో చూశాం. బస్సు ఎక్కడానికి ఎటు నడవాలి అన్న ప్రశ్న మాకు తట్టనే లేదు.

మా స్థలం ఒకప్పుడు ఎవరి చేనో, ఆయన పాత ఊళ్లోనే ఉంటారు. మేమందరం బాబాయి గారు అంటాం. ఒకరోజు బోదె గట్టు మీద కనపడితే, ఇక్కడ ఎప్పుడైనా దారి ఉండేదా అని అడిగాను.

"ఆయ్, ఇక్కడే ఉండేదమ్మా. రెండు తాటి దుంగలు పక్కపక్కన పడేసి పైన మట్టి పోసేవాళ్లం. గడ్డి మోపు నెత్తినెట్టుకుని కూడా దాటేసేవాళ్లం. చేలు అమ్మేశాక ఇంక దుంగతో ఎవరికి పనమ్మా? పొయ్యిలోకి పోయింది" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇక్కడ వరి తప్ప ఇంకేమీ లేని రోజుల్లో ఈ బోదె దాటడానికి దారి ఉంది. వందల ఇళ్లు వచ్చాక లేకుండా పోయింది.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది మరీ బాధ కలిగించాలి. ఎందుకంటే మన నేల మొత్తం దాటే దారుల మీద బతికింది. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక కాలువలు కేవలం చేలకు నీళ్లు పారించలేదు. లాకులు కట్టి వాటిలో పడవలు నడిపారు. ధాన్యమూ మనుషులూ పడవల మీదే ఊరి నుంచి ఊరికి వెళ్లేవారు. కాలువ గట్లు బాటలయ్యాయి, తరవాత అవే తారు రోడ్లయ్యాయి. ఇప్పటికీ మన దగ్గర సగం ఊళ్లకు దారి చెప్పాలంటే లాకుల దగ్గర దిగండి, గట్టెంట వెళ్లండి అనే చెబుతాం. పి.గన్నవరంలో 49 తూములున్న పాత అక్విడక్టు చూసే ఉంటారు. వైనతేయ నది మీదుగా ఒక కాలువను దాటించి అవతలి లంకలకు నీళ్లిచ్చారు. 1850లలో చేసిన పని అది. దాని పక్కన కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. నది మీద కాలువను నడిపించిన చోట, ఒక పంట బోదె మీద మనిషిని నడిపించడం మన చేతుల్లో లేని పనేమీ కాదు.

రైలు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో ఎప్పుడూ అదే మాట. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ వేసి రైలు నడపడానికి 2004 దాకా పట్టింది. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న బాలయోగి గారు దానికోసం ఎంతో పట్టుబట్టారు. రైలు వచ్చేనాటికి ఆయన లేరు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా సుమారు 57 కిలోమీటర్ల లైను 2000-01 బడ్జెట్‌లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి. అమలాపురంలో రైలు ఎక్కాలన్న కోరిక మా మేనత్త తరం నుంచి మా పిల్లల తరానికి వచ్చింది. ఆ లైను పూర్తి కావాలని నేనూ మనసారా కోరుకుంటున్నాను.

అయితే తిరిగి వచ్చిన ఆ కోటిపల్లి లైను మీద మనం చూసిందేమిటి? ఒకే పెట్టె ఉన్న రైలు బస్సు. పొద్దున వెళ్లిపోతే మళ్లీ దానికోసం గంటల తరబడి చూడాలి. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు దాని మీద ఆధారపడి రోజు గడుపుకోలేకపోయారు. 2020 లాక్‌డౌన్‌లో అదీ ఆగింది. పట్టాలు ఉండటం వేరు, బండి ఉండటం వేరు, ఆ బండి మనకు కావలసినప్పుడు రావడం వేరు, మనం దాని దగ్గరికి నడిచి వెళ్లగలగడం వేరు. ఈ నాలుగూ కలిస్తేనే ప్రయాణం. మన ప్రాజెక్టుల శంకుస్థాపనలన్నీ మొదటిదానికే జరుగుతాయి.

షేర్ ఆటోలను చూడండి. కాకినాడలో నిజంగా జనాన్ని మోస్తున్నవి అవే. వాటిని తిట్టడం చాలామందికి అలవాటు, నాకు మాత్రం చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. బస్సుకు టైమ్‌టేబుల్ ఉంటుంది. ఆటోకు ఉండదు, కానీ రెండు నిమిషాలకొకటి వస్తుంది. చెయ్యెత్తిన చోట ఆగుతుంది. జనం ఆటో ఎక్కేది సుఖంగా ఉంటుందని కాదు. ముందు సీట్లో డ్రైవరుకు అటొకరూ ఇటొకరూ వేలాడుతూ వెళ్లడం ఎవరికీ ఇష్టం లేదు. ఎదురుచూపు తక్కువ, నడక తక్కువ, అందుకే ఎక్కుతున్నారు. ఉచిత బస్సు వచ్చాక ఆటోవాళ్ల రాబడి పడిపోయిందని ప్రభుత్వం 2025 అక్టోబరులో వాళ్లకు ఏడాదికి 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. దాన్ని నేను సమర్థిస్తాను. కానీ అంతకన్నా మంచిది, మెయిన్ రోడ్డు మీద బస్సు పావుగంటకొకటి తిరిగి, లేఅవుట్ల లోపలి నుంచి ఆ బస్సు దాకా ఆటోలు తిరగడం. ఇద్దరికీ పని ఉంటుంది. దానికీ మళ్లీ లేఅవుట్లు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. ఆర్చి లోపలికి వెళ్లిన ఆటో అదే ఆర్చిలోంచి ఖాళీగా బయటికి రావాలంటే ఎవరు వెళతారు?

పీఎం ఈ-బస్ సేవ అని 2023లో కేంద్రం పదివేల కరెంటు బస్సుల పథకం ఒప్పుకుంది. 2011 లెక్కల ప్రకారం మూడు లక్షలు, అంతకన్నా ఎక్కువ జనాభా ఉన్న నగరాలకు అది వర్తిస్తుంది. మన గోదావరి జిల్లాల వైపు కాకినాడ, రాజమహేంద్రవరం అందులోకి వస్తాయి. ఆ బస్సులు మా రోడ్డు మీదికి వచ్చిన రోజు నేను కొబ్బరికాయ కొడతాను. బస్సు కొత్తదైనా పాతదైనా మా అమ్మ నడవాల్సింది మాత్రం అదే 1,300 మీటర్లు.

ఇక మెయిన్ రోడ్డు ఎక్కాక నడక గురించి. మన శివార్లలో ఫుట్‌పాత్ అంటే డ్రెయిన్ మీద పలకలే. నాలుగు పలకలు ఉంటే ఐదోది ఉండదు. ఉన్నచోట షాపువాళ్ల ర్యాంపు, జనరేటర్, వరసగా పెట్టిన బైకులు. ఫుట్‌పాత్ మీద మనిషి నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డూ లేకుండా ఉండాలని, రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో రాసిపెట్టింది. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు మాటలూ మా పక్కింటి మాస్టారికి చెబితే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రోజూ సాయంత్రం మెయిన్ రోడ్డు మీద వాకింగ్‌కు వెళ్లే మనిషి. ఒక బైకు అద్దం తగిలి పడిపోయి, ఆరు వారాలు చేతికి కట్టుతో ఉన్నారు. తప్పు తనదే అనుకుంటూ వచ్చారట, రోడ్డు మీద నడిచాను కదా అని.

ఈ మాట ఎత్తగానే తోపుడు బళ్లను తీసేయాలని అంటారు. నాకు అది సరి కాదనిపిస్తుంది. సాయంత్రం పెసరట్టు బండి, వేసవిలో ముంజలమ్మే ఆమె, కొబ్బరి బొండాల సైకిలు ఉన్నచోటే ఆడపిల్లలు ధైర్యంగా నిలబడి బస్సు కోసం చూస్తారు. లైటుంటుంది, మనుషులుంటారు. 2014 చట్టం వీధి వ్యాపారులకు చోటు చూపించమంది, తరిమెయ్యమనలేదు. నడకదారిని నిజంగా మింగేస్తున్నది నిలబెట్టిన కార్లు. వాటిని ఎవరూ ఆక్రమణ అనరు.

నీడ గురించి కూడా ఒక మాట. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా నిద్రగన్నేరు చెట్లు పోయాయి. మే నెలలో మిట్టమధ్యాహ్నం నీడ లేని అర కిలోమీటరు నడవమని ఏ ఇంజినీరూ తన తల్లికి చెప్పరు. అయినా మన నేల ఎంత అనువైనదో చూడండి. ఎత్తూ పల్లం లేదు. సైకిలు తొక్కేవాళ్లకు ఎక్కడా ఎగువ లేదు. నడకకూ సైకిలుకూ ఇంతకన్నా మంచి నేల రాష్ట్రంలో దొరకదు.

సరే, బోదె దగ్గరికి వస్తాను. మేము ఊరికే కూర్చోలేదు. అర్జీ రాసి ఇరవై మంది సంతకాలు పెట్టాం. ఒక ఆఫీసులో బోదె మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో రోడ్డు మాది కాదన్నారు. మూడోచోట రెండూ మావి కావన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, ఒకరు టీ కూడా ఇప్పించారు. పదకొండు నెలలు గడిచాయి.

నీటి పని తెలిసిన ఒక పెద్దమనిషి మాత్రం అసలు అభ్యంతరం చెప్పారు. అది నిజమైనది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. బోదెలో సిమెంటు తూములు వేసి పైన మట్టి పోస్తే చవగ్గా అయిపోతుంది. కానీ గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తూము మూతికి అడ్డం పడుతుంది. వానాకాలంలో తుఫాను వచ్చిందంటే ఎగువన చేలు మునుగుతాయి, మెరక తక్కువ ఉన్న ఇళ్లూ మునుగుతాయి. ఆయన చెప్పింది పూర్తిగా నిజం. పక్క ఊళ్లో అలా వేసిన తూముల దగ్గర నేనే చూశాను, నీళ్లు రోడ్డు మీదుగా పారాయి. అందుకే మేము అడుగుతున్నది తూములు కాదు. రెండు గట్ల మీదా చిన్న గోడలు లేపి, మధ్యలో స్తంభం పెట్టకుండా, పైన ఒకే పలక. కింద నీళ్లకు బోదె అంత వెడల్పూ ఉంటుంది. పూడిక తీసేటప్పుడు పొక్లెయిన్ గట్టు మీద నుంచే తోడుకోవచ్చు. పదడుగులకు ఇది పెద్ద ఖర్చు కాదు. మా ఆర్చికి వేసిన రంగులూ లైట్లూ ఇంతకన్నా ఎక్కువే అయి ఉంటాయి.

రెండో అభ్యంతరం మా లోపలి నుంచే వచ్చింది. అసోసియేషన్ మీటింగ్‌లో ఒకాయన లేచి, దారి తెరిస్తే దొంగలొస్తారు, కుర్రాళ్లు బైకుల మీద దూసుకొస్తారు, ప్రశాంతత పోతుంది అన్నారు. చాలామంది తలలూపారు. ఆయన భయాన్ని నేను కొట్టిపారేయను. వాళ్లింట్లో ఒకసారి దొంగతనం జరిగింది. కానీ ఆ దొంగ ఆర్చిలోంచే వచ్చాడు. నాలుగడుగుల వెడల్పు పలక వేసి మధ్యలో రెండు స్తంభాలు పాతితే మనిషి వెళతాడు, సైకిలు వెళుతుంది, బైకు దూరదు. ఒక వీధి దీపం పెడితే అటూ ఇటూ నడిచే జనమే కాపలా. ఇప్పుడు ఆ రెండు రోడ్ల చివర్లే మందు సీసాలు పడేసే చోట్లయ్యాయి. మనుషులు నడవని చోటు కాబట్టి.

ఇంకో సంగతి. మా లేఅవుట్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు బోదె అవతల కాలనీ నుంచి వస్తారు. పొద్దున ఆరింటికి ఆ 1,300 మీటర్లు వాళ్లూ నడుస్తారు, మళ్లీ సాయంత్రం నడుస్తారు. మీటింగ్‌లో కూర్చున్న వాళ్లలో చాలామందికి స్కూటరో కారో ఉంది. దారి లేకపోవడం వల్ల మాకు పోయేది రెండు నిమిషాల పెట్రోలు. వాళ్లకు పోయేది రోజుకు అరగంట. ఈ మాట నేను మీటింగ్‌లో అన్నప్పుడు గొంతు వణికింది. అయినా అన్నాను.

మార్చిలో బాబాయి గారి అబ్బాయి ఎక్కడి నుంచో రెండు పాత సిమెంటు కరెంటు స్తంభాలు ట్రాక్టర్ మీద తెచ్చి బోదె మీద అడ్డంగా పడేశాడు. పైన చెక్కలు కట్టాడు. పట్టుకోవడానికి ఒక పక్క వెదురు గడ పాతాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ దాటింది. బస్సు ఆగే చోటుకు ఆరు నిమిషాలు పట్టింది. ఆ నెలలో నాలుగుసార్లు రామచంద్రపురం వెళ్లింది. పనివాళ్లు, కాలేజీ పిల్లలు, పాల సైకిలు, అందరూ అటే. మీటింగ్‌లో దొంగల గురించి మాట్లాడినాయన భార్య కూడా రోజూ పొద్దున అటే గుడికి వెళ్లడం చూశాను.

కాలువలకు నీళ్లు ఆపేశాక పూడిక తీసే పొక్లెయిన్ వచ్చి ఆ స్తంభాలను పక్కకు లాగేసింది. అందులో ఒకటి విరిగింది. ఇప్పుడు గట్టు మీద పడి ఉన్నాయి. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి, బోదె అవతలి లేఅవుట్‌వాళ్లూ మేమూ మొదటిసారి కలిసి కూర్చుంటున్నాం. పలకకు కొలతలు వేయించిన కాగితం నా దగ్గర ఉంది. అమ్మ కూడా వస్తానంది. గట్టు మీద కూర్చోలేదు కాబట్టి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకెళ్లాలి.